పుప్పొడి సైన్యం

శూలదుర్గంలో మొన లేని వస్తువు కనబడదు. కోట బురుజులు బల్లేల్లా మేఘాలను పొడుస్తుంటాయి. రాజవీధికి రెండు పక్కలా జెముడు, తుమ్మ, రేగు తప్ప మరో మొక్క బతకడానికి అనుమతి లేదు. వాటికి వచ్చే కాస్త పూతను కూడా భటులు కర్రలతో దులిపేస్తారు. పూలు చూస్తే సైనికుల గుండె మెత్తబడుతుందని భీషణకేతు మహారాజు తాతగారు రాజ్యంలోని పూలమొక్కలన్నిటినీ వేళ్లతో సహా పెరికించేశారు. అప్పటి నుంచి పెళ్లిళ్లలో వధూవరులు రేగుముళ్ల దండలే మార్చుకుంటున్నారు. ఆ రాజ్యంలో దంపతులు మొదటి రోజు నుంచే ఒకరితో ఒకరు ఎంతో జాగ్రత్తగా మసలుకుంటారని పేరు.

వారి రాజలాంఛనం కందిరీగ. వంశకర్త ఒకప్పుడు శత్రువులకు చిక్కబోతుంటే, ఎర్రదరి కొండచరియ మీది కందిరీగలు లేచి శత్రుసేనను చీల్చి చెండాడాయట. అవి ఏనుగుల కళ్లు పెకలిస్తాయనీ, పులుల నెత్తురు తాగుతాయనీ వంశస్తోత్రంలో ఉంది. అందుకే ఆస్థానంలో హోదా గల ప్రతివాడూ నడుముకు వెనకవైపు ఇత్తడి కొండి కట్టుకోవాలి. హోదా పెరిగేకొద్దీ కొండి పొడుగు పెరుగుతుంది. మహామంత్రి శల్యకీర్తి కొండి మూడు మూరలు. ఆయన కూర్చుని ముప్పై ఏళ్లయింది.

ఆ రోజు సభ నిలువుకాళ్ల మీద కిటకిటలాడుతోంది. విషయం యుద్ధం.

మూడు కొండల అవతలి లోయలో మధూకపురం అనే చిన్న రాజ్యం ఉంది. దాన్ని ఏలే చంద్రహేలను పెళ్లాడాలని భీషణకేతు మహారాజుకు బుద్ధి పుట్టింది. తన సందేశాన్ని ఒక ఈటె మీద చెక్కించి పంపాడు. ఆమె బదులుగా ఒక బుట్ట నిండా నీలిరంగు పూలు పంపింది. రాజు నిండు సభలో మూత తీశాడు. పుప్పొడి ముక్కులోకి పోయింది. పదిహేడు సార్లు తుమ్మాడు. రాజు తుమ్మినప్పుడల్లా బాకా ఊదాలన్నది అక్కడి మర్యాద. పదిహేడు బాకాలు ఊదారు. ఆఖరి తుమ్ముకు కిరీటం జారి మెట్ల మీద దొర్లింది. పూల కింద ఏదో తాటాకు లేఖ కూడా ఉంది గాని, ఆ హడావిడిలో దాన్ని ఎవరూ చదవలేదు.

"ఇది పెళ్లికి నిరాకరణ కాదు, రాజనాసిక మీద దండయాత్ర!" అన్నాడు శల్యకీర్తి.

సరిగ్గా అప్పుడు సభామంటపం మధ్యలో నల్లటి పొగ లేచింది. పొగలోంచి మర్రి ఊడల్లాంటి జడలతో, మోకాళ్ల దాకా గోళ్లతో ఒక మాంత్రికుడు బయటికి వచ్చి, తన పొగకే తాను కాసేపు దగ్గి, చెయ్యెత్తాడు.

"మహారాజా! నేను కరాళజటుణ్ణి. ఎర్రదరి కందిరీగల్లో పన్నెండింటిని ఏనుగులంత చేస్తాను. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క వీరుణ్ణి ఎక్కించండి. రేపు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మధూకపురంలో పళ్లు తోముకునే మనిషి మిగలడు."

సభ హర్షధ్వానాలతో దద్దరిల్లింది. రాజు మాత్రం ఒక్క సందేహం అడిగాడు. "పని అయ్యాక మళ్లీ చిన్నవి చేస్తావా?"

"పెంచే మంత్రం ఒక్కటే నాకు వచ్చు ప్రభూ. తగ్గించే మంత్రం కూడా నేర్పుతానన్నారు మా గురువుగారు. ఏ ఆస్థానంలోనూ దానికి గిరాకీ ఉండదని నేనే వద్దన్నాను."

సభికులంతా ఎంతో సబబుగా ఉందన్నట్టు తలలూపారు.

"అయ్యో దొరా! అవి పూల మీద బతికేవి గదా!"

ఆ మాట పైనుంచి వచ్చింది. అందరూ తలలెత్తారు. మంటపం గోడకు పడిన బీటను పూడ్చడానికి కట్టిన పరంజా మీద మట్టిపని మాచన నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లవాడు. మోచేతుల దాకా ఎర్రమట్టి. మట్టిగోడ కట్టడంలో ఆ దుర్గంలో అతన్ని మించినవాడు లేడు. ఎక్కడ నోరు మూసుకోవాలో మాత్రం అతనికి తెలియదు.

"ఏమన్నావురా?" అన్నాడు రాజు.

మాచన పరంజా మీదనుంచే దణ్ణం పెట్టాడు. "ఎర్రదరి కాడ మట్టి తవ్వుకునేది నేనూ అవీ ఒక్క చోటే దొరా. ఇరవై ఏళ్లనుంచి చూస్తన్నా. నోట్లో నీళ్లు తెచ్చి మట్టి మీద ఉమ్ముతాయి. ఉండ చేసి గూడు కడతాయి. అచ్చం మా పనే. వేరే కందిరీగలు గొంగళిపురుగును కుట్టి, పడేసి, ఈడ్చుకెళ్లి పిల్లకి పెడతాయి. ఈ జాతి అట్టాంటిది కాదు. పుప్పొడీ తేనే కలిపి ముద్ద చేసి పెడతాయి. పురుగు కాలు కూడా ముట్టవు."

"మన రాజ్యంలో పువ్వెక్కడిదిరా మూర్ఖుడా!" అన్నాడు శల్యకీర్తి.

"అందుకేగదయ్యా, పొద్దు పొడవగానే కొండలు దాటి మధూకపురం లోయకి పోతాయి. అక్కడ నీలిగిన్నె పూలని ఉంటాయి. ఇవి ఆ పువ్వు తప్ప ఇంకోటి తాకవు. ఆ పువ్వు గొంతు కూడా వీటి వీపుకి కొలత తీసి కుట్టినట్టే ఉంటది. మా అక్కని ఆ ఊరికే ఇచ్చాం. కళ్లారా చూశా."

శల్యకీర్తి గొంతు తగ్గించి అడిగాడు. "అంటే మన రాజలాంఛనం రోజూ శత్రుదేశంలో భోంచేసి వస్తోందంటావా?"

"భోంచేయడమే కాదయ్యా. పిల్లలకి మూట కూడా కట్టుకొస్తది."

రాజలాంఛనాన్ని శాకాహారి అన్నవాడికి ఏ శిక్ష వేయాలో ధర్మశాస్త్రంలో లేదు. శల్యకీర్తి నిలబడ్డ చోటే ఒక శాసనం రాశాడు. నిలబడి రాయడం ఆయనకు బాగా అలవాటు. దాని ప్రకారం మాచనను మర్నాడు, పెరిగిన మొదటి కందిరీగకు ఆహారంగా వేయాలి.

"పూలే తింటుందంటున్నావుగా? మరి నీకు భయమెందుకు?" అన్నాడు రాజు. తన చమత్కారానికి తానే మురిసి నవ్వాడు. సభ అంతా మూడు నిమిషాల పాటు నవ్వింది.

*

మర్నాడు సూర్యోదయానికి ఎర్రదరి చరియ మంకెనపూవు ఎరుపుతో భగభగలాడుతోంది. ఆ పోలిక రాజ్యంలో నిషిద్ధం గనక ఆస్థానకవి "పచ్చిగాయం ఎరుపు" అని వర్ణించాడు. చరియ నిండా వేల బొరియలు, ఒక్కొక్క బొరియ వాకిట వేలెడంత మట్టి గొట్టం. కరాళజటుడు చితాభస్మం చల్లి, గొంతు చించుకుని మంత్రం చదివాడు. నేల కంపించింది. చిన్న ఈగలన్నీ బొరియల్లోకి దూరి దాక్కున్నాయి. మంత్రం తగిలిన పన్నెండు ఈగలు మాత్రం కళ్లముందే ఉబ్బి, కుక్కలంత, గుర్రాలంత, చివరకు ఏనుగులంత అయ్యాయి.

ఆ రూపం చూసి తీరవలసిందే. కాటుక నలుపు ఒంటి మీద పసుపు పట్టీలు బంగారు ఒడ్డాణాల్లా మెరుస్తున్నాయి. మడిచిన రెక్కలు ఓడ తెరచాపల్లా ఉన్నాయి. మీసాల చివర్లు నగారా వాయించే పుల్లల్లా గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. దవడల కింద చుట్ట చుట్టిన నాలుక ఏనుగు తొండమంత ఉంది. అంత పెద్ద నాలుక తేనె తాగడానికి కాక మరెందుకని అక్కడ ఎవరూ ఆలోచించలేదు.

మాచనను స్తంభానికి కట్టి మొదటి ఈగ ముందు నిలబెట్టారు. ఈగ వచ్చింది. గుండ్రటి మీసాలతో అతన్ని తల నుంచి కాళ్ల దాకా తట్టి చూసింది. మాచన కళ్లు మూసుకున్నాడు. తాను చెప్పింది నిజమేనని అతనికి ఇరవై ఏళ్లుగా తెలుసు. ఏనుగంత ఈగ దవడ మొహం దగ్గరికి వచ్చినప్పుడు ఇరవై ఏళ్ల నమ్మకం ఏ మూలకూ చాలదని ఆ క్షణంలోనే తెలిసింది.

ఈగ అతని చేతులకు అంటిన మట్టిని వాసన చూసింది. దవడతో మెల్లగా గీకి చూసింది. జిగట బాగుందేమో, మోచేతుల దాకా ఉన్న మట్టినంతా జాగ్రత్తగా ఒలుచుకుని, ఉండ చేసి, గెడ్డం కింద ఇరికించుకుంది.

"చూశారా! చర్మం ఒలుస్తోంది!" అని అరిచాడు శల్యకీర్తి. సైన్యం జయజయధ్వానాలు చేసింది. చర్మమంతా ఒలిచాక కూడా మనిషి కళ్లు తెరిచి తుమ్మడం వాళ్లకు కనబడకపోలేదు గాని, అధికారికంగా ప్రకటించాక చూడటం అక్కడ మర్యాద కాదు.

ఇక వీరులు ఎక్కాలి. మొదటి ఈగ సేనాధిపతి ఉద్దండబాహువుది. ఆయన మీసాలు చెవుల వెనక ముడి వేసుకునేంత పొడుగు. యుద్ధప్రార్థన చేసుకుంటానని చెప్పి గుడారంలోకి వెళ్లి, మాచన కట్లు విప్పించి రహస్యంగా పిలిపించాడు. లోపల ఆయన మంచం కోడు పట్టుకుని వణుకుతున్నాడు.

"ఒరే మాచనా, నీ గోచీ నాకివ్వు. నా కవచం నువ్వు తొడుక్కో."

"అదేంది దొరా?"

"నువ్వు చస్తే వీరమరణం నాది, నాలుగు వీధుల కూడలిలో నా విగ్రహం పెడతారు. బతికి వస్తే విజయం నాది, నీ ప్రాణం నీది. ఇంతకంటే న్యాయమైన బేరం ఈ రాజ్యంలో నీకు ఎవడూ ఇవ్వడు."

మాచన ఆలోచించాడు. ఈ పన్నెండూ ఎలాగూ ఆ లోయకే పోతాయి. మనుషుల్ని తినవు, నిజమే. కానీ బొటనవేలంత పూల మీద ఏనుగులు వాలితే ఆ పొలాలు ఏమవుతాయి? వాటి వెనకే కాలిబాటన రాజుగారి సైన్యం బయలుదేరుతోంది. అక్కావాళ్ల ఇల్లు ఏటి ఒడ్డునే. ఎవరో ఒకరు ముందుగా పోయి చెప్పాలి.

"శిరస్త్రాణం కాస్త వదులుగా ఉంది దొరా," అన్నాడు.

మాచన ఎక్కీ ఎక్కకముందే ఈగ ఎగిరింది. కోట, కొండచరియ, కేకలు అన్నీ కాళ్ల కింద గిర్రున తిరిగి చిన్నవైపోయాయి. రెక్కల గాలికి రెండో ఈగ మీది వీరుడు జెముడు పొదలో పడ్డాడు. మూడో వీరుడు కళ్లెం లాగి "కుడికి!" అన్నాడు. కళ్లెం అతని చేతిలో ఉండగానే ఈగ నేరుగా పోయింది, అతను కుడికి పోయాడు. మొదటి కొండ దాటేసరికి మిగతా పదకొండు ఈగల మీద ఒకే ఒక్క మనిషి మిగిలాడు. అతను, పన్నెండో ఈగను తానే ఎక్కిన కరాళజటుడు. జడలన్నీ ఈగ మెడకు ముడిపడిపోవడం వల్ల అతను పడలేకపోయాడు.

మూడో కొండ శిఖరం మీద గాలిలో కమ్మటి వాసన తగిలింది. పన్నెండు ఈగలూ ఒక్కసారిగా తలలు వంచి, రాళ్లు పడ్డట్టు లోయలోకి పడ్డాయి.

*

లోయ నీలంగా ఉంది. ఏటికి రెండు పక్కలా, కనుచూపు మేర, తుమ్మముల్లు కాదు, పూలు. మోకాలెత్తు మొక్కలకు బారులు తీరిన చిన్న చిన్న నీలి గిన్నెలు. ఆ గిన్నెల గింజలు ఆడించిన నూనెతోనే మధూకపురంలో పొయ్యి మీద మూకుడు కాగుతుంది, తలకు చమురు దొరుకుతుంది. పువ్వు గింజ కట్టకపోతే ఆ ఏడాది ఊరికి నూనె లేదు.

పొలంలో పదిమంది ఆడవాళ్లు ఉడుత వెంట్రుకల కుంచెలు పట్టుకుని ఒక్కొక్క పువ్వునూ తాకుతూ పుప్పొడి మారుస్తున్నారు. పొద్దున్నించి ఒక్క చిన్న ఈగా రాకపోయేసరికి వాళ్లే ఈ పనికి దిగారు. వాళ్లలో చీర చెంగు నడుముకు దోపుకుని, నుదుటి మీద పుప్పొడి మరకతో ఉన్న ఆవిడే రాణి చంద్రహేల.

ఆకాశం నుంచి పన్నెండు ఏనుగులు దిగాయి. ఆడవాళ్లు కుంచెలు పారేసి పారలు అందుకున్నారు. మాచన ఈగ మెడ మీదినుంచి జారి, కవచం గలగలలతో రాణి కాళ్ల దగ్గర పడ్డాడు.

ఆమె పార ఎత్తింది. "శూలదుర్గం సేనాధిపతివి నువ్వేనా? మీసాలు గొప్పవని విన్నానే. ఏవి?"

"మీసాలు ఆయన కాడే ఉన్నాయమ్మా. కవచం ఒక్కటే నాకిచ్చాడు. నేను మట్టిపని మాచనని. మీ ఏటిగట్టు బసవమ్మ తమ్ముణ్ణి."

"బసవమ్మ తమ్ముడివా? మరి ఇవేంటి?"

చెప్పే వ్యవధి లేకపోయింది. మొదటి ఈగ ఆకలితో ఒక మొక్క ముందు వంగింది. అలవాటు ప్రకారం తల గిన్నెలోకి దూర్చబోయింది. పువ్వు దాని కంటి మీద పొక్కులా అతుక్కుని నలిగిపోయింది. అది మరో పువ్వు దగ్గరికి పోయింది. అదీ అంతే. పన్నెండూ వెర్రెత్తినట్టు బారుల వెంట పాకుతూ, ఒక్క చుక్క తేనె కోసం వంద మొక్కలు తొక్కేస్తున్నాయి. వాటిలో ఒకటి తన పెద్ద నాలుక చాపి, నలిగిన నీలి రేకుల మీద ఉత్తినే ఆడించి, మళ్లీ చుట్టేసుకుంది. కుట్టడానికి వచ్చిందనుకున్న జీవి ఆకలితో ఏడుస్తున్నట్టనిపించి రాణి పార దించింది.

"పాపం, వీటిని ఇట్లా చేసినవాడెవడు?"

మాచన వెళ్లి ఈగ మెడకు ముడిపడ్డ జడలను విప్పి కరాళజటుణ్ణి కిందికి లాగాడు. "సామీ, నీకొచ్చింది పెంచడమే గదా? పూలను పెంచు."

"నేనా! శత్రుదేశపు పూలనా! నేను శూలదుర్గం ఆస్థాన..." అని మాంత్రికుడు ఆగాడు.

"ఆస్థాన మాంత్రికుడివా?" అంది రాణి.

"ఇంకా నియామకపత్రం రాలేదు."

"మా ఆస్థానంలో ఆ పదవి ఖాళీగా ఉంది."

కరాళజటుడు ఆ మాట పూర్తి కాకముందే భస్మం తీశాడు. ఇంత శ్రద్ధగా అతను ఎన్నడూ మంత్రం చదవలేదు. పన్నెండు మొక్కలు కదిలాయి. కాండాలు స్తంభాల్లా లావెక్కాయి. తాటిచెట్ల ఎత్తున నీలి గిన్నెలు, దేవాలయపు గంటల్లా తలలు వంచి, తేనె వాసన గుమ్మరించాయి.

మొదటి ఈగ ఒక గిన్నెలోకి దూరింది. ఒక్క అంగుళం ఎక్కువా లేదు, తక్కువా లేదు. లోపలికి పోతుంటే పువ్వు కప్పు నుంచి వంగిన కేసరాలు దాని వీపు మీద పుప్పొడి రాశాయి. తేనె తాగి వెనక్కి వచ్చి, ముందుకాళ్లతో కాస్త పుప్పొడి తుడుచుకుని మింగింది, కాస్త మరిచిపోయింది. మరిచిపోయిన ఆ కాస్తా తీసుకెళ్లి రెండో పువ్వుకు ఇచ్చింది. ఆ పువ్వుకు కావలసింది అదే. పొద్దున్నించి పదిమంది ఆడవాళ్లు కుంచెలతో చేసిన పని అది రెండు గుక్కల్లో చేసేసింది.

"ఈ ముక్కే రాశాను మీ రాజుకు," అంది చంద్రహేల. "మీ కొండలో ఈగ ఉంటేనే మా లోయలో గింజ. పెళ్లి మాట అటుంచి, ఇద్దరం కలిసి ఆ చరియను కాపాడుకుందాం అని. చదవలేదా?"

"తుమ్ముల్లో పడిపోయిందమ్మా," అన్నాడు మాచన.

ఇంతలో అతని ఈగ పొట్ట నింపుకుని ఏటికి పోయింది. నీళ్లు పీల్చి, అవతలి గట్టు మీద ఉమ్మి, మెత్తబడ్డ మట్టిని ఉండలు ఉండలుగా తవ్వసాగింది. చూస్తుండగానే గట్టులో గుహంత బొరియ, దాని వాకిట మనిషెత్తు మట్టి గొట్టం తయారయ్యాయి. మాచన పని మరిచి ఆ పనితనం చూస్తూ నిలబడ్డాడు. తడి గోడను అది గెడ్డంతో నున్నగా దిద్దుతున్న తీరు అతనికి అసూయ పుట్టించింది. ఈగ లోపలికి వెనక్కి నడిచి, గుడ్డు పెట్టి, మళ్లీ పూల మీదికి ఎగిరింది.

"ఇంత తొందరా?" అన్నాడు మాచన.

"నా మంత్రం ఒంటిని పెంచినంతగానే కాలాన్నీ తరుముతుంది. మామూలు ఈగకు రోజు పట్టేది దీనికి గడియలో అయిపోతుంది," అన్నాడు కరాళజటుడు గర్వంగా.

*

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి శూలదుర్గం సైన్యం అవతలి గట్టు మీదికి చేరింది. భీషణకేతు మహారాజు రథం దిగి, శత్రువుల శవాల కోసం కళ్లు చికిలించి చూశాడు. తాటిచెట్లంత పూలు కనిపించాయి. ఒక్కటి తప్ప ప్రతి పువ్వులోనూ తన వంశపు భయంకర లాంఛనం తలకిందులుగా దూరి ఉంది. పదకొండు కొండిలు ఆకాశం వైపు నిక్కి, ఎంతో సుఖంగా అటూ ఇటూ ఊగుతున్నాయి. రెండు ఈగలైతే పువ్వుల్లోనే నిద్రపోయాయి.

సైన్యంలో గుసగుస బయలుదేరింది. శల్యకీర్తి వెంటనే గొంతు సవరించుకున్నాడు.

"వీరులారా! మన లాంఛనం శత్రుపుష్పాల గొంతులోకి తలదూర్చి ప్రాణాలు పీలుస్తోంది! విజయం!"

"విజయం!" అంది సైన్యం కొంచెం నీరసంగా.

గాలి సైన్యం వైపు తిరిగింది. రాజు తుమ్మాడు. బాకా ఊదారు. మళ్లీ తుమ్మాడు. మళ్లీ ఊదారు. ఆ మోతకు, పొట్ట నిండా పుప్పొడి ముద్దతో గూటికి తిరిగి వస్తున్న తల్లి ఈగ సైన్యం నెత్తిమీదే ఒక చుట్టు తిరిగింది. అంతే. ఇత్తడి కొండిలు ఒకదానికొకటి తగులుకుని గలగలలాడుతుండగా పదివేల మంది శూరులు ఏటి ఒడ్డున ఎవరి దారి వారు చూసుకున్నారు. రాజుకు ఎదురుగా గట్టులో ఒక గుహ కనబడింది. మట్టి గొట్టంతో ఎంతో పటిష్ఠంగా ఉంది. శత్రువుల కాపలా స్థావరమని తీర్మానించి, కత్తి దూసి దాన్ని ఆక్రమించాడు. లోపల ఒక మూల తెల్లగా, నున్నగా, అరటిపండు ఆకారంలో, నిలువెత్తు బండ ఒకటి ఉంది. రాజు దాని వెనక నక్కాడు.

తల్లి ఈగ గొట్టం మీద వాలి, లోపలికి తల పెట్టి, పొట్టలోని పుప్పొడి తేనె ముద్దను కక్కింది. వెళ్లింది. వచ్చింది. మళ్లీ కక్కింది. మూడోసారీ అంతే. నాలుగోసారి వచ్చినప్పుడు గెడ్డం కింద మట్టి ఉండ ఉంది. వాకిలికి పూత పెట్టడం మొదలుపెట్టింది.

ఏటికి ఇవతల ఉన్న మాచన ఇదంతా చూశాడు. నీళ్లలో దూకి, కవచం బరువుకు రెండుసార్లు మునిగి, అవతలి గట్టెక్కేసరికి వాకిలి మూసుకుపోయింది. ఈగ మరో ఉండ కోసం ఎగిరిపోయింది. చంద్రహేల కూడా పార పట్టుకుని ఏరు దాటి వచ్చింది. ఒక తుప్ప వెనకనుంచి శల్యకీర్తి బయటికి వచ్చి, మట్టి గోడకు అడ్డం నిలబడ్డాడు.

"ఆగు సేనాధిపతీ! లాంఛనపు గూటి మీద చెయ్యి వేసినవాడి తల తీయాలని తాతగారి శాసనం. రాజాజ్ఞ లేనిదే తాకరాదు."

"రాజు లోపల ఉన్నాడు గదయ్యా!"

"అయితే ఆజ్ఞ బయటికి వచ్చేదాకా ఆగాలి."

మాచన గోడకు నోరు ఆనించి అరిచాడు. "దొరా! వినబడతందా?"

లోపలినుంచి గొంతు బొంగురుగా, తేనె గొంతుకు అడ్డం పడ్డట్టు వచ్చింది. "ఎవడది? బిరుదులు చెప్పి మాట్లాడు!"

"మాచనని దొరా. గూడు పగలగొట్టమని ఒక్క మాట సెలవియ్యండి."

"మట్టిపనివాడికి నేను నేరుగా ఆజ్ఞ ఇవ్వను. సేనాధిపతిని పిలువు."

అదే సమయానికి ఒంటికి మట్టి, నడుముకు గోచీ, చెవుల వెనక ముడివేసిన మీసాలతో ఉద్దండబాహువు రొప్పుతూ అక్కడికి వచ్చాడు. "నేనే సేనాధిపతిని! వాడు దొంగ!" అన్నాడు. చెల్లాచెదరై మెల్లగా తిరిగొస్తున్న సైనికులు ఆయన్ని ఎగాదిగా చూశారు. నడుము వెనక కొండి లేదు. ఇద్దరు పట్టుకుని ఏట్లో ముంచి, మర్యాద లేకుండా మాట్లాడినందుకు మరోసారి ముంచారు.

"మాచనా," అంది చంద్రహేల మెల్లగా. "ఆ గుడ్డు పెట్టి ఎంతసేపయింది?"

మాచన లెక్క వేశాడు. నాలుగు గడియలు. మామూలు ఈగ గుడ్డు నాలుగు రోజులకు పగులుతుంది. పురుగు పుప్పొడి తప్ప ఏమీ తినదు, అది నిజం. కానీ మూడు విడతల ముద్దా ఎవరి నెత్తిన పడింది? రాజు ఇప్పుడు నఖశిఖపర్యంతం పుప్పొడి.

లోపల ఏదో తడి గుడ్డ చినిగినట్టు చప్పుడైంది. తర్వాత రాజు గొంతు, ఈసారి ఏ బిరుదూ లేకుండా వచ్చింది.

"మాచనా... ఈ బండ కదులుతోందిరా. నన్ను నాకుతోంది."

"కదలమాకండి దొరా! ఒంటి మీది ముద్ద తుడిచి దూరంగా వెయ్యండి, దానెనకే పోతది! ఇప్పుడన్నా చెప్పండి, పగలగొట్టనా?"

"పగలగొట్టు! పగలగొట్టరా నాయనా!"

"ఆజ్ఞ రాతపూర్వకంగా..." అని శల్యకీర్తి మొదలుపెట్టాడు. చంద్రహేల పారతో ఆయన కొండిని గట్టులో లోతుగా దిగగొట్టింది. మహామంత్రి కదలలేక, ముప్పై ఏళ్ల తర్వాత మొదటిసారి, నేల మీద కూలబడ్డాడు. ఆయన మొహంలో చెప్పలేని హాయి కనిపించింది.

మాచన గోడ మీద అరచేయి ఆనించి చూశాడు. పార వేస్తే మొత్తం పైకప్పు కూలుతుంది. అతను ఏట్లో నీళ్లు పుక్కిట పట్టి, అంచు మీద ఊది, మెత్తబడ్డ చోట వేళ్లతో తవ్వాడు. మళ్లీ ఊదాడు. మళ్లీ తవ్వాడు. నీడ ఒకటి గట్టు మీద పడింది. పైన రెక్కల హోరు. తల్లి ఈగ మట్టి ఉండతో తిరిగి వస్తోంది. తాను కట్టిన గోడను ఎవడో కూల్చడం చూసింది. అప్పటిదాకా ఎవరి మీదా ఎత్తని కొండిని మొదటిసారి బయటికి తీసింది.

"తొందరగా!" అంది చంద్రహేల, పార పైకెత్తి అతని వీపుకు అడ్డం నిలబడుతూ.

గోడకు బెజ్జం పడింది. మాచన భుజం దాకా చెయ్యి లోపలికి దూర్చాడు. "దొరా, నా చెయ్యి పట్టుకోండి!"

"ఎక్కడుందిరా నీ చెయ్యి? నాకు కనబడటం లేదు!" రాజు గొంతు గుహ ఆ చివరనుంచి వచ్చింది.

ఈ చివర మాచన చేతిని అప్పటికే ఎవరో పట్టుకున్నారు. ఆ పట్టు మెత్తగా, తడిగా, చాలా బలంగా ఉంది. దానికి వేళ్లు లేవు.